గెలుపు వేరు, మెజారిటీ వేరు

ఎన్నికల ఫలితములు వెలువడిన మరునాటి యుదయమున తెలుగునాట ఏ దినపత్రికను విప్పినను ఒక వాక్యము మాత్రము తప్పక కంటబడును: ఫలానా నియోజకవర్గమునుండి ఫలానా అభ్యర్థి ఇన్ని వేల ఓట్ల మెజారిటీతో గెలుపొందెను అని. ఈ ఆంగ్లపదము మన భాషలో ఎంతగా వేళ్లూనినదనగా, ఇంగ్లీషు అక్షరములు నేర్వని వృద్ధులు సైతము, లెక్కింపు ముగిసిన సాయంకాలమున ఎవరు గెలిచిరని అడిగిన వెంటనే, మెజార్టీ ఎంత అని రెండవ ప్రశ్న వేయుదురు. అన్యభాషాపదమని దానిని వెలివేయవలెనని నేను చెప్పబోవుట లేదు. ఓటు, పార్టీ, కోర్టు మనవైనట్లే అదియును మనదైనది. పాఠకుల యెదుటను, ముఖ్యముగా పత్రికలలో కలము పట్టినవారి యెదుటను నేను ఉంచదలచిన విషయము వేరొకటి: ఆ మాటను ఏ లెక్కకు వాడుచున్నామో తెలిసి వాడుట మన విధి.

మూడు వేర్వేరు లెక్కలకు మనము ఈ యొక్క మాటనే వాడుచున్నాము. గెలిచినవానికి, అతని వెనుక రెండవ స్థానమున నిలిచినవానికంటె హెచ్చుగా వచ్చిన ఓట్లు మొదటి లెక్క. పోలైన ఓట్లలో సగమునకు మించిన భాగము రెండవ లెక్క. శాసనసభలోనో లోకసభలోనో సగమునకు మించిన స్థానములు మూడవ లెక్క. ఈ మూడింటిలో ఒకటి ఉన్నంతమాత్రమున మిగిలిన రెండును ఉండవలెనన్న నియమమేదియు లేదు. మానికతో ధాన్యమును కొలిచి, దానితోనే గుడ్డను కొలువబూనినవానికి కొలత తప్పక తప్పునట్లు, ఒకే మాటతో మూడింటిని కొలువబూనిన రచయితకు అర్థము తప్పును. ప్రజాస్వామ్యము సంఖ్యలపై నిలిచిన వ్యవస్థ. సంఖ్యను తెలుపు మాట మసకబారినచో ఆ వ్యవస్థను గూర్చిన మన యవగాహనయే మసకబారును.

ఈ పొరపాటు ఏ మార్గమున జరుగునో చూతము. ఒక నియోజకవర్గమున చెల్లిన ఓట్లు లక్ష అనుకొందము. మొదటి అభ్యర్థికి 40,000, రెండవ యభ్యర్థికి 35,000, మూడవ యభ్యర్థికి 25,000 వచ్చెననుకొందము. మొదటి యభ్యర్థి 5,000 ఓట్ల మెజారిటీతో గెలిచెనని వ్రాయుదుము. ఆ వాక్యమున అసత్యము లేదు. కాని దాని వెనువెంటనే, మెజారిటీ ఓటర్లు ఆయన పక్షమున నిలిచిరనియు, మెజారిటీ ప్రజల మనోభీష్టము నెరవేరెననియు వ్రాయుటకు కలము వెనుదీయదు. అక్కడ అసత్యము ప్రవేశించును. ఏలయనగా నూటికి అరువదిమంది ఆయనను కోరలేదు. ముందరి వాక్యమున తేడాను తెలిపిన మాటయే తరువాతి వాక్యమున సగమునకు మించిన జనసంఖ్యను తెలుపుచున్నట్లు వేషము మార్చుకొన్నది. వ్రాసినవానికి గాని, చదివినవానికి గాని ఆ మార్పు తెలియకపోయినది. అసత్యము చెప్పవలెనన్న తలంపు లేకయే అసత్యము చెప్పబడుట భాషావిషయమున మిక్కిలి ప్రమాదకరము, ఏలయనగా దానిని దిద్దవలెనన్న తలంపు సైతము ఎవరికిని కలుగదు.

మన రాష్ట్ర చరిత్రనుండియే రెండుదాహరణములను స్మరింతము. 1989లో అనకాపల్లి లోకసభ స్థానమున కొణతాల రామకృష్ణగారు 9 ఓట్ల తేడాతో గెలుపొందిరి. రెండేండ్లు గడవగనే, 1991 నవంబరులో జరిగిన నంద్యాల ఉప యెన్నికలో, అప్పటికే ప్రధానమంత్రి పదవిని స్వీకరించియున్న పి.వి. నరసింహారావుగారు 5,80,297 ఓట్ల తేడాతో గెలుపొందిరి. తెలుగువాడు ప్రధానియైన సందర్భమని నందమూరి తారక రామారావుగారు తమ పార్టీ తరఫున అభ్యర్థిని నిలుపకుండిరి. నరసింహారావుగారికి ఆరు లక్షలకు పైబడి ఓట్లు రాగా, తరువాతి యభ్యర్థికి యేబది వేలైనను రాలేదు. దేశమంతయు ఆ మెజారిటీని వింతగా చెప్పుకొన్నది. అయితే ఆనాడు ఆయన నడపుచుండిన ప్రభుత్వమును పత్రికలు మైనారిటీ ప్రభుత్వమని పిలుచుచుండెను. ఏలయనగా ఆయన పార్టీకి లోకసభలో సగము స్థానములు దక్కలేదు. నంద్యాలలో అపూర్వమైన మెజారిటీ, ఢిల్లీలో మైనారిటీ! రెండు మాటలును నిజములే. రెండును ఒకే మనుష్యునిగూర్చి, ఒకే సంవత్సరమున చెప్పబడినవి. ఆ రెండు మాటలు రెండు వేరు లెక్కలకు చెందినవని ఎరిగిన పాఠకునకు ఇందు వైరుధ్యమేమియు తోచదు. ఎరుగని పాఠకుని సంగతి ఏమి? అతనికి ఎరుకపరచు భారము వ్రాసినవానిదే కదా.

తేడాను మెజారిటీ యనుట మన విలేకరులు కల్పించిన తప్పు అని నేను నిందింపను. ఇంగ్లండులో పార్లమెంటు ఎన్నికలను గూర్చి వ్రాయువారు చిరకాలముగా ఆ యర్థమున దానిని వాడుచునేయున్నారు; వారి నిఘంటువులలోను ఆ యర్థము కలదు. వారి యెన్నికల పద్ధతి మనకు వచ్చినప్పుడు, దానితోపాటు వారి వార్తాభాషయు వచ్చినది. అమెరికావారు మాత్రము సగమునకు మించినదానిని మెజారిటీ యనియు, సగము చేరకపోయినను అందరికంటె హెచ్చైనదానిని ప్లూరాలిటీ యనియు వేరుపరచిరి. కనుక ఇది ఒకరిది ఒప్పు, ఒకరిది తప్పు అను వివాదము కాదు. ఒక పదమునకు రెండర్థములు ఉండవచ్చును. ఒకే వార్తలో ఆ రెండర్థములను కలగాపులగము చేసి, ఒకదాని గౌరవమును మరియొకదానికి అంటగట్టుట తగదు. సగమునకు మించినదన్న యర్థమునుండి ఆ పదమునకు వచ్చిన నైతికబలము, కేవలము తేడాను తెలుపునప్పుడు దానికి చెల్లదు.

మన శాసనకర్తలు ఈ విషయమున ఎంతటి మెలకువ వహించిరో గమనింపదగినది. ఎన్నికల నిర్వహణ నియమములలో, రిటర్నింగ్ అధికారి ఎవరిని ఎన్నికైనట్లు ప్రకటింపవలెనని చెప్పుచోట, మెజారిటీ అను మాట లేదు. చెల్లిన ఓట్లలో అత్యధిక సంఖ్య ఎవరికి వచ్చెనో వారిని ప్రకటింపవలెననియే యున్నది. ఇద్దరికి సమానముగా ఓట్లు వచ్చినచో చీటి తీయవలెననియు, చీటి ఎవరి పేరున వచ్చునో వారికి ఒక ఓటు అదనముగా వచ్చినట్లు భావింపవలెననియు ప్రజాప్రాతినిధ్య చట్టము విధించుచున్నది. అనగా మన సార్వత్రిక ఎన్నికలలో గెలుచుటకు సగము ఓట్లు అక్కరలేదు; తక్కినవారిలో ప్రతి యొక్కనికంటెను ఒక ఓటు హెచ్చుగా ఉన్న చాలును. చట్టము తాను చెప్పని మాటను ఆ చట్టము ఫలితముపై మనము ముద్రించుట ఏల?

మెజారిటీ నిజముగా అవసరమైన ఎన్నికలును మనకు కలవు. రాష్ట్రపతి యెన్నిక అట్టిది. అందు ఓటర్లు అభ్యర్థులకు ప్రాధాన్యక్రమమున అంకెలు వేయుదురు. చెల్లిన ఓట్ల విలువలో సగమునకు పైబడిన కోటా దాటినవారే నేరుగా గెలుతురు. 1969లో జరిగిన ఎన్నిక ఇందుకు చిరస్మరణీయమైన నిదర్శనము. ఆ పోటీలో ప్రధానముగా నిలిచినవారిరువురును తెలుగువారే: వరాహగిరి వెంకటగిరిగారు, నీలం సంజీవరెడ్డిగారు. మొదటి ప్రాధాన్య ఓట్ల లెక్కింపున గిరిగారికి 4,01,515, సంజీవరెడ్డిగారికి 3,13,548, మూడవవారైన చింతామణి దేశముఖ్ గారికి 1,12,769 వచ్చినవి. మన నియోజకవర్గపు భాషలో చెప్పవలెనన్న, గిరిగారు దాదాపు 88 వేల మెజారిటీతో గెలిచినట్లే. కాని ఆయన గెలువలేదు. ఏలయనగా మొత్తము 8,36,337లో అది సగము కాదు. తక్కువ ఓట్లు వచ్చినవారిని ఒక్కొక్కరిని తొలగించి, వారి ఓట్లలోని తదుపరి ప్రాధాన్యములను పంచి లెక్కింపగా, చివరకు గిరిగారికి 4,20,077, సంజీవరెడ్డిగారికి 4,05,427 నిలిచినవి. అప్పుడుగాని గిరిగారు రాష్ట్రపతి కాలేదు. మొదటి లెక్కలోని 88 వేల ఆధిక్యము ఆయనను గెలిపింపలేకపోయెను. అంతకంటె ఎంతయో తక్కువైన తుది యాధిక్యము గెలిపించెను. అందరికంటె హెచ్చగుట వేరు, సగమునకు మించుట వేరు అని చెప్పుటకు ఇంతకు మించిన పాఠము మరియొకటి లేదు.

పట్టభద్రుల నియోజకవర్గములనుండి శాసనమండలికి జరుగు ఎన్నికలలో ఇదే పద్ధతి నడచుచున్నది. రెండు తెలుగు రాష్ట్రములలోను ఆ లెక్కింపు రేయింబవళ్లు సాగుటయు, మొదటి ప్రాధాన్య ఓట్లలో ముందున్నవారు కోటా చేరక, రెండవ ప్రాధాన్య ఓట్లకొరకు నిరీక్షించుటయు పాఠకులకు తెలిసినదే. ఆ దినములలో మన పత్రికలు ఆధిక్యము, కోటా, సగము అను మాటలను ఎంతయో జాగ్రత్తగా వేరుపరచి వ్రాయుచున్నవి. ఆ జాగ్రత్త సార్వత్రిక ఎన్నికలనాడు కూడ ఉండవలెనని కోరుట అత్యాశ కాదు.

ఇక మూడవ లెక్కకు వత్తము. స్థానముల మెజారిటీకిని ఓట్ల మెజారిటీకిని గల దూరమును మొదటి సార్వత్రిక ఎన్నికలనుండియే మనము చూచుచున్నాము. 1951-52లో కాంగ్రెసు పార్టీకి వచ్చిన ఓట్లు సుమారు 45 శాతము. లోకసభలోని 489 స్థానములలో దక్కినవి 364. 1984లో నాలుగు వందలకు పైగా స్థానములు గెలిచిన ఆ పార్టీకి ఓట్లలో సగము రాలేదు. 2014లో భారతీయ జనతా పార్టీ 31 శాతము ఓట్లతో 543లో 282 స్థానములు గెలిచినది. లోకసభ ఎన్నికలలో ఏ పార్టీయు ఇంతవరకు తానొక్కటియే దేశమున సగము ఓట్లను పొందియుండలేదు. మన రాష్ట్రముల సంగతియు ఇట్టిదే. 2019లో ఆంధ్రప్రదేశమున వైఎస్సార్ కాంగ్రెసు పార్టీకి 175లో 151 స్థానములు వచ్చినప్పుడు దానికి పడిన ఓట్లు సుమారు 50 శాతము. 39 శాతము ఓట్లు వచ్చిన తెలుగుదేశము పార్టీకి 23 స్థానములే దక్కినవి. 2024లో చక్రము తిరిగి, తెలుగుదేశము, జనసేన, భారతీయ జనతా పార్టీల కూటమి సుమారు 55 శాతము ఓట్లతో 164 స్థానములు గెలువగా, వైఎస్సార్ కాంగ్రెసుకు వచ్చిన దాదాపు అదే 39 శాతము ఓట్లకు 11 స్థానములు మాత్రమే మిగిలినవి. 2023లో తెలంగాణమున కాంగ్రెసుకును భారత రాష్ట్ర సమితికిని నడుమ ఓట్లలో ఉన్న తేడా రెండు శాతమే. స్థానములలో ఒకరికి 64, మరొకరికి 39.

ఈ అంకెలను ఏ పార్టీని తక్కువ చేయుటకొరకును నేను ఉదాహరింపలేదు. ఈ పద్ధతిలో అందరును ఎప్పుడో ఒకప్పుడు లాభపడినవారే, నష్టపడినవారే. న్యాయముగా గెలిచిన ప్రభుత్వము న్యాయమైన ప్రభుత్వమే. దాని అధికారమునకు లోపమేమియు లేదు. నా మనవి అంతయు ఏమనగా, 23 స్థానములు వచ్చినవారిని గాని, 11 స్థానములు వచ్చినవారిని గాని ప్రజలందరును తిరస్కరించిరని వ్రాసిన దినమున, ప్రతి పదిమందిలో నలుగురి అభిప్రాయమును మనము ఒక్క వాక్యముతో తుడిచివేసినవారమగుదుము. ఆ నలుగురు మన పాఠకులే. మన వీధిలోని వారే.

చట్టసభల లోపల ఈ మాట మరింత సూక్ష్మమగును. సామాన్యముగా సభలో హాజరై ఓటు వేసినవారిలో సగమునకు మించినవారు అంగీకరించిన చాలునని రాజ్యాంగము 100వ అధికరణము చెప్పుచున్నది. రాజ్యాంగమును సవరింపవలెనన్నచో 368వ అధికరణము రెండు మెట్లను నిర్మించినది: సభ మొత్తము సభ్యులలో సగమునకు మించినవారు అంగీకరింపవలెను, హాజరై ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతులకు తక్కువ కానివారును అంగీకరింపవలెను. రాష్ట్రపతిని అభిశంసించుటకు మొత్తము సభ్యులలోనే మూడింట రెండు వంతులు కావలెను. ఒకే అంకె ఈ వేర్వేరు లెక్కలలో ఎట్టి వేర్వేరు ఫలముల నిచ్చునో చూడుడు. 1999 ఏప్రిల్ 17న లోకసభలో వాజపేయిగారి ప్రభుత్వముపై విశ్వాసతీర్మానమునకు అనుకూలముగా 269, ప్రతికూలముగా 270 ఓట్లు పడినవి. ఒక్క ఓటుతో ప్రభుత్వము పడిపోయినది. 2024 డిసెంబరు 17న జమిలి ఎన్నికలకు సంబంధించిన రాజ్యాంగ సవరణ బిల్లును ప్రవేశపెట్టు ప్రస్తావనకు అనుకూలముగా సరిగా అదే 269, ప్రతికూలముగా 198 పడినవి. బిల్లు సభాప్రవేశము చేసినది. అయితే ఆ 269 బిల్లును ఆమోదించుటకు చాలవు: నాడు ఓటు వేసిన 467 మందిలో మూడింట రెండు వంతులు 312, మొత్తము 543 మందిలో సగమునకు మించినది 272. 269 ఒకనాడు ఓటమి, ఒకనాడు గెలుపు, అదే నాడు మరియొక పనికి చాలని బలము. మెజారిటీ లభించినదని మాత్రమే వ్రాసి ఊరకుండు విలేకరి దేనిని తెలిపినట్లు? ఏ పనికొరకు, ఎవరిలో ఎంతభాగము అని తెలిపిననే వార్త పూర్తియగును.

ఈ లెక్క ఎక్కడ జరుగవలెనన్న విషయమును సైతము మన తెలుగునేల దేశమునకు బోధించినది. 1984 ఆగస్టులో తారక రామారావుగారి ప్రభుత్వమును గవర్నరు బర్తరఫు చేసినప్పుడు, రామారావుగారు తమ వైపు నిలిచిన శాసనసభ్యులను వెంటబెట్టుకొని ఢిల్లీకి పోయి రాష్ట్రపతి యెదుట నిలుపవలసి వచ్చెను. ప్రజాందోళనము ఉప్పొంగగా నెల దినములకు ఆయన మరల ముఖ్యమంత్రియైరి. పదేండ్ల పిమ్మట, 1994లో, బొమ్మై వ్యాజ్యమున సుప్రీంకోర్టుకు చెందిన తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, ప్రభుత్వమునకు మెజారిటీ ఉన్నదో లేదో తేల్చవలసినది రాజభవనము కాదు, సభాస్థలమే యని నిర్ణయించెను. మెజారిటీ అను మాట వెనుక ప్రభుత్వముల నిలుకడయు, ప్రజల తీర్పు గౌరవమును ఇంతగా నిలిచియున్నవి. అట్టి మాటను అలవాటుచొప్పున వాడి విడుచుట పాడి కాదు.

కావున నా సూచన మిక్కిలి సులభమైనది. గెలిచినవానికిని వెనుకనున్నవానికిని నడుమ గల అంతరమును ఆధిక్యమనియో, ఓట్ల తేడా యనియో వ్రాయుదము. ఈ రెండు మాటలును మన పత్రికలలో ఇదివరకే చలామణిలో ఉన్నవి, కొత్తగా సృష్టింపవలసిన పని లేదు. సగము చేరకయే గెలిచినవానికి అత్యధిక ఓట్లు వచ్చినవని వ్రాయుదము. మెజారిటీ అను మాటను సగమునకు మించినదానికే దాచియుంచుదము. దానిని వాడునప్పుడెల్ల అది ఓట్లలోనా, స్థానములలోనా, మొత్తము సభ్యులలోనా, ఓటు వేసినవారిలోనా యన్నది ఒక్క మాటతో జతచేయుదము. ఆధిక్యముతోపాటు, అభ్యర్థికి వచ్చిన ఓట్ల శాతమును పట్టికలో మరియొక గడిలో ముద్రింతము. ఎన్నికల సంఘము ఆ వివరములన్నియు ప్రకటించుచునేయున్నది. ముద్రించుటకు కావలసినది సంకల్పము మాత్రమే.

శీర్షికలో చోటు చాలదనియు, అలవాటైన మాట మార్చినచో పాఠకులు తికమకపడుదురనియు కొందరు అందురు. ఆధిక్యము అను మాట మెజారిటీ కంటె పొడవైనది కాదు. పాఠకుల విషయమందురా, రెండవ ప్రాధాన్య ఓట్ల లెక్కింపును ఒక్క రాత్రిలో అర్థము చేసికొన్న తెలుగు పాఠకుడు, ఆధిక్యమునకును సగమునకును గల భేదమును గ్రహింపజాలడనుట అతనిని అవమానించుటయే. మరికొందరు, ఇది భాషాపండితుల పట్టుదల గాని ప్రజలకు దీనివలన ఒరుగునదేమి అని అడుగుదురు. ఒరుగునది కలదు. నూటికి నలువది ఓట్లతో గెలిచినవానికి, నీవు మెజారిటీ ప్రజల ప్రతినిధివని ప్రతిదినము చెప్పుచు వచ్చినచో, తనను కోరని అరువదిమందిని వినవలసిన పని లేదని అతడు క్రమముగా నమ్మును. ఓడినవానికి, మెజారిటీ ప్రజలు నిన్ను త్రోసిపుచ్చిరని చెప్పుచు వచ్చినచో, తాను మాటలాడు హక్కును కోల్పోతినని అతడును నమ్మును. అధికారమున అహంకారమును, ప్రతిపక్షమున నిరాశను పెంచుటలో ఈ చిన్న మాటకు మనము ఊహింపనంత పాలు కలదు.

గెలిచినవానికి రాజ్యాంగము అధికారమునిచ్చినది. దానిని ఎవరును కాదనరు. సగమునకు మించిన ప్రజల సమ్మతి తనకు కలదని చెప్పుకొను యర్హతను మాత్రము లెక్క ఇయ్యవలెను, పత్రిక ఇయ్యరాదు. రాబోవు ఎన్నికల ఫలితముల రాత్రి, ప్రతి వార్తాకార్యాలయమున, పట్టికలు సిద్ధమగు వేళ, ఉపసంపాదకుడు ఈ ఒక్క ప్రశ్నను అడిగిన చాలును: ఈ మెజారిటీ దేనిలో సగమునకు మించినది? సమాధానము దొరకనిచోట ఆ మాటను కొట్టివేసి, ఆధిక్యమని వ్రాయవలెను.